ఒకే పొగ, నలుగురు హక్కుదారులు: బహుళ అంచెల టర్బోచార్జర్లలో ఎగ్జాస్ట్ ప్రవాహ నియంత్రణ

ఇంజిన్‌లో మండిన ఇంధనం విడుదల చేసే శక్తిలో స్థూలంగా మూడో వంతు పొగతోపాటు వేడి రూపంలో బయటికి పోతుంది. ఆ వేడి వాయువులతో ఒక చిన్న టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసుకు రెండో కొనన ఉన్న కంప్రెసర్ ద్వారా సిలిండర్లలోకి అదనపు గాలిని నెట్టడమే టర్బోచార్జర్ చేసే పని. గాలి ఎక్కువైనప్పుడు అదే పరిమాణం గల ఇంజిన్‌లో మరింత ఇంధనాన్ని మండించవచ్చు. ఇంతవరకు వాహనదారుల్లో చాలామందికి తెలిసిన సంగతే. రెండు లేదా అంతకు మించిన టర్బోలను అంచెలుగా అమర్చినప్పుడు ఏ క్షణాన ఎంత పొగ ఏ దారిన పోవాలన్నది అంతగా తెలియని విషయం. ఆ పంపకాన్ని అమలు చేసేది అరచేతిలో ఇమిడే ఒక లోహపు రెక్క. దాన్ని ఆడించేది ఒక చిన్న మోటారు గానీ, వాక్యూమ్ గొట్టం గానీ.

ఘాట్ రోడ్డు మీద లారీ లాగుడు, వెనుక వచ్చే బండి మీద పడే నల్లపొగ, నగరపు గాలిలో చేరే నైట్రోజన్ ఆక్సైడ్లు, టర్బో ఆయుష్షు ఇవన్నీ చాలావరకు ఆ రెక్క కదలిక మీద ఆధారపడి ఉంటాయి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక ఆ రెక్క బాధ్యత మరింత పెరిగింది. అంతకు ముందు టర్బైన్ ఒక్కటే పొగను కోరేది అనుకుంటే, ఇప్పుడు అదే పొగ కోసం పోటీపడేవారు నలుగురు.

ఒక్క టర్బో ఎందుకు చాలదు

మొదటి చిక్కు టర్బైన్ పరిమాణంలోనే ఉంది. నిమిషానికి 1,000 చుట్లు తిరిగే ఇంజిన్ 4,000 చుట్లకు చేరితే అది వదిలే వాయువు నాలుగు రెట్లవుతుంది. ఈలోగా టర్బో గాలి పీడనాన్ని రెండున్నర రెట్లకు పెంచితే ఆ ప్రవాహం సుమారు పది రెట్లకు చేరుతుంది. చిన్న టర్బైన్ కొద్దిపాటి పొగకే చురుగ్గా తిరుగుతుంది గానీ, వేగం పెరిగాక ఆ వరదకు దాని గొంతు చాలదు. వాయువు వెనక్కు తన్ని పిస్టన్ల మీద ఒత్తిడి పెడుతుంది. పెద్ద టర్బైన్‌కు ఆ బాధ లేదు; అయితే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వచ్చే పలుచని పొగ దాన్ని కదిలించలేదు. యాక్సిలరేటర్ తొక్కిన తర్వాత బండి ఒక క్షణం ఆలోచించి కదిలినట్టు అనిపించే ఆ జాప్యానికే టర్బో లాగ్ అని పేరు.

ఈ జాప్యాన్ని కళ్లారా చూసిన తరం మన దేశంలో ఇంకా ఉంది. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1964 నుంచి తయారు చేసిన 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 ఇంజిన్ స్టేషన్ నుంచి బండిని కదిలిస్తే నల్లని పొగ స్తంభం లేచేది. డ్రైవర్ నాచ్ పెంచగానే సిలిండర్లలోకి ఇంధనం వెంటనే పెరిగేది. టర్బో వేగం అందుకోవడానికి మాత్రం కొన్ని సెకన్లు పట్టేది. ఆ కొన్ని సెకన్లలో గాలి చాలక, మండీ మండని ఇంధనం మసిగా బయటపడేది. ఆ తర్వాత మన పట్టాల మీదికి వచ్చిన డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4 లోకోమోటివ్‌లలోని ఈఎండీ ఇంజిన్లు ఈ సమస్యను వేరే దారిలో దాటాయి. పొగకు తగినంత బలం వచ్చేదాకా టర్బోను ఇంజినే గేర్ల ద్వారా తిప్పుతుంది. బలం రాగానే ఒక క్లచ్ ఆ లంకెను వదిలేస్తుంది. ఎక్కువ కాలం ఒకే వేగంతో నడిచే రైలింజిన్‌కు అది సరిపోయే ఉపాయం. ప్రతి మలుపులోనూ వేగం మార్చుకునే రోడ్డు వాహనానికి అంత బరువైన యంత్రాంగం కుదరదు.

రెండంచెల అమరిక ఇక్కడే అక్కరకు వస్తుంది. సిలిండర్ల నుంచి వచ్చిన పొగ మొదట చిన్న టర్బైన్‌లోకి, అక్కడి నుంచి పెద్ద టర్బైన్‌లోకి పోతుంది. గాలి ప్రయాణం దీనికి తలకిందులు: ముందు పెద్ద కంప్రెసర్ కొంత నొక్కుతుంది, తర్వాత చిన్న కంప్రెసర్ మరింత నొక్కుతుంది. పీడనాలు ఇక్కడ కూడిక కావు, గుణకారం అవుతాయి. ఒక్కో అంచె రెండున్నర రెట్లు పెంచితే రెండూ కలిసి ఆరుంపావు రెట్లు పెంచుతాయి. సాధారణ అల్యూమినియం కంప్రెసర్ చక్రం ఒంటరిగా నాలుగు రెట్లకు అటూ ఇటూగా అలసిపోతుంది గనుక ఈ లాభం చిన్నది కాదు.

రెండు టర్బోలు ఉన్న ప్రతి ఇంజినూ రెండంచెల ఇంజిన్ కాదన్నది గుర్తుంచుకోవాలి. 1986 నాటి పోర్షే 959 కారులో సమాన పరిమాణం గల రెండు టర్బోలు పక్కపక్కన ఉండేవి. తక్కువ వేగంలో ఒకటే పనిచేసి, వేగం పెరిగాక రెండోది జత కలిసేది. అక్కడ గాలి ఒక్కసారే నొక్కబడుతుంది. ప్రకటనల్లో ట్విన్ టర్బో అనే మాట ఈ రెంటినీ కలగాపులగం చేసింది.

రెక్క చేసే పంపకం

ప్రయాణికుల కార్లలో నియంత్రిత రెండంచెల టర్బో మొదట 2004లో బీఎండబ్ల్యూ 535డి రూపంలో వచ్చింది. మూడు లీటర్ల డీజిల్ ఇంజిన్ నుంచి 272 హార్స్‌పవర్, నిమిషానికి 2,000 చుట్ల దగ్గరే 560 న్యూటన్ మీటర్ల టార్క్ రావడం ఆనాటికి విశేషమే. మన రోడ్ల మీద తిరిగిన మెర్సిడెస్ ఈ-250 సీడీఐలో 2.1 లీటర్ల ఇంజిన్ 204 హార్స్‌పవర్ ఇవ్వడం వెనుకా ఇదే సూత్రం ఉంది.

ఈ అమరికలో పొగ దారిలో రెండు ద్వారాలు, గాలి దారిలో ఒకటి ఉంటాయి. చిన్న టర్బైన్‌ను తప్పించుకుని పెద్దదానికి పోయే అడ్డదారి మీద ఉన్న బైపాస్ రెక్క వీటిలో ముఖ్యమైనది. పెద్ద టర్బైన్‌ను కూడా తప్పించి పొగను నేరుగా బయటికి పంపేది వేస్ట్‌గేట్. చిన్న కంప్రెసర్ చుట్టూ గాలిని మళ్లించే ద్వారం మూడోది.

ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు బైపాస్ రెక్క బిగువుగా మూసి ఉంటుంది. పొగంతా చిన్న టర్బైన్ గుండా పోవలసిందే. చిన్నది క్షణంలో వేగం అందుకుంటుంది. ఇలాంటి చక్రాలు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరగడం మామూలే. ఇంజిన్ మధ్యస్థ వేగానికి వచ్చేసరికి రెక్క కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. కొంత పొగ చిన్నదానికి, కొంత నేరుగా పెద్దదానికి. ఈ పాళ్లు ప్రతి క్షణమూ మారుతుంటాయి. పూర్తి వేగంలో రెక్క బార్లా తెరుచుకుంటుంది, చిన్న టర్బో దాదాపు పక్కకు తప్పుకుంటుంది, గాలి కూడా దాన్ని దాటిపోయేలా మూడో ద్వారం తెరుచుకుంటుంది. పెద్ద టర్బైన్ తన హద్దు చేరితే వేస్ట్‌గేట్ మిగులు పొగను వదిలేస్తుంది.

ఇందులో అసలు కష్టమంతా మధ్య దశలోనే. రెక్క ఒక్కసారిగా తెరుచుకుంటే చిన్న టర్బైన్ బలం చటుక్కున పడిపోతుంది. పెద్దది ఇంకా వేగం పుంజుకుని ఉండదు. బండి నడిపేవారికి అది లాగుతూ లాగుతూ మధ్యలో ఒక్క గుటక వేసినట్టు తెలుస్తుంది. అందుకే చిన్నది తగ్గుతున్న మేరకు పెద్దది పెరిగేలా అప్పగింత సాగాలి. రెక్క తీరే ఈ సున్నితత్వానికి అడ్డు తగులుతుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రాన్ని మూసే బిళ్ల సీటు మీద నుంచి ఏడెనిమిది మిల్లీమీటర్లు లేచేసరికే, లెక్క ప్రకారం, రంధ్రమంత దారి ఏర్పడుతుంది. ఆ తర్వాత ఎంత తెరిచినా ప్రవాహం పెద్దగా పెరగదు. అంటే నియంత్రణ అంతా తొలి కొద్ది మిల్లీమీటర్లలోనే జరగాలి. అక్కడ అర మిల్లీమీటరు తేడా కూడా బూస్ట్ పీడనాన్ని కదిలిస్తుంది.

పైగా పొగ నదిలా నిలకడగా ప్రవహించదు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్ నుంచి సెకనుకు సుమారు 67 సార్లు పొగ దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ప్రతి దెబ్బా రెక్కను వణికిస్తుంది. డీజిల్ కారులో ఆ పొగ 800 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు, పెట్రోల్ ఇంజిన్లో 1,000 డిగ్రీల దాకా పోవచ్చు. అందుకే రెక్కకు, దాని ఇరుసుకు నికెల్ పాలు ఎక్కువ ఉన్న లోహాలు వాడతారు. నూనె వేయడానికి వీల్లేని చోట, మసి పేరుకునే చోట, ఏళ్ల తరబడి ఆ ఇరుసు బిగుసుకుపోకుండా తిరగాలి. మూసినప్పుడు కారకుండా మూసుకోవాలి. కొద్దిపాటి కారుడు కూడా తక్కువ వేగంలో చిన్న టర్బైన్ నోటి దగ్గరి ముద్దను లాగేసుకున్నట్టే.

పూర్వం ఈ రెక్కను వాక్యూమ్ పెట్టె లేదా స్ప్రింగ్ డబ్బా ఆడించేవి. ఇప్పుడు చాలా ఇంజిన్లలో స్థానాన్ని తిరిగి తెలిపే సెన్సర్‌తో కూడిన ఎలక్ట్రిక్ మోటారు ఆ పని చేస్తుంది. ఇంజిన్ కంప్యూటర్‌లో వేగానికీ భారానికీ తగిన తెరుపు ఎంతో ముందే పట్టికగా రాసి ఉంటుంది. బూస్ట్ సెన్సర్ చెప్పే నిజ పీడనాన్ని చూసి ఆ పట్టిక మీద సవరణ చేస్తుంది. పట్టికను మాత్రమే నమ్ముకుంటే అరిగిన రెక్కకు సరిపోదు. సవరణను మాత్రమే నమ్ముకుంటే స్పందన ఆలస్యమై పీడనం పైకీ కిందికీ ఊగుతుంది. రెండూ కలిస్తేనే అప్పగింత నునుపుగా సాగుతుంది.

పైలట్ చేతి నుంచి వాక్యూమ్ ట్యూబుకు

పొగతో టర్బైన్ తిప్పి గాలి నొక్కాలన్న ఆలోచనకు స్విస్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూచీ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. ఆచరణలో అది ఎంత విలువైనదో చూపిన ప్రసిద్ధ ప్రయోగం మాత్రం 1918లో అమెరికాలోని పైక్స్ పీక్ పర్వతం మీద జరిగింది. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు శాన్‌ఫోర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను 14,000 అడుగులకు పైగా ఉన్న ఆ శిఖరానికి చేర్చాడు. నేల మీద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడ 230కి పడిపోయింది. టర్బో బిగించాక 356 ఇచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ బాంబర్లు బీ-17, బీ-24 ఒక రకంగా రెండంచెల యంత్రాలే. పొగతో తిరిగే టర్బో మొదటి అంచె, ఇంజిన్ గేర్లతో తిరిగే సూపర్‌చార్జర్ రెండోది. టర్బో వేగాన్ని అదుపు చేసేది వేస్ట్‌గేటే. తొలి విమానాల్లో పైలట్ నాలుగు ఇంజిన్లకు నాలుగు లివర్లను చేతితో సర్దుకోవలసి వచ్చేది. నియంత్రణ నూనె పీడనంతో నడిచేది గనుక ఎముకలు కొరికే చలిలో ఆ నూనె గడ్డకట్టి రెగ్యులేటర్ మొండికేసేది. రెక్క మూసుకుపోయి టర్బో హద్దు మీరి తిరిగేది. నూనె బిగుసుకోకుండా ఉండటానికి సిబ్బంది లివర్లను మధ్యమధ్యన ఆడిస్తూ ఉండేవారు. మినియాపొలిస్-హనీవెల్ సంస్థ తెచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఈ బాధను తీర్చింది. వాక్యూమ్ ట్యూబుల ఆంప్లిఫయరు పీడనాన్ని గమనిస్తూ రెక్కను ఆడించేది. పైలట్ ముందు నాలుగు ఇంజిన్లకూ కలిపి ఒకే డయల్ మిగిలింది. నేటి ఇంజిన్ కంప్యూటర్ చేసే పనికి అదే పూర్వరూపం అనవచ్చు.

ఆ కథలో ఉపఖండానికీ చోటుంది. అస్సాంలోని చబువా వంటి స్థావరాల నుంచి హిమాలయాల తూర్పు కొసను దాటి చైనాలోని కున్‌మింగ్‌కు సరుకులు చేరవేసిన విమానాల్లో బీ-24కు రవాణా రూపమైన సీ-87లు ఉన్నాయి. యుద్ధానంతరం మన దేశంలో వదిలివెళ్లిన లిబరేటర్లను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ బాగుచేసి ఇవ్వగా, భారత వైమానిక దళం వాటిని 1968 వరకు వాడుకుంది.

ఎత్తు మీద అంచెల అవసరం అక్కడితో ఆగలేదు. నాసా కార్యక్రమం కోసం తయారైన పైలట్ రహిత విమానం ఆల్టస్-2 ఒక చిన్న రోటాక్స్ పిస్టన్ ఇంజిన్‌కు రెండంచెల టర్బో తోడుగా 1999లో 55,000 అడుగుల పైన గంటల తరబడి ఎగిరింది. అంత ఎత్తులో గాలి పీడనం నేల మీది దానిలో పదో వంతుకన్నా తక్కువ. అంతకు ముందు ఏడాది పర్సియస్-బి మూడంచెల టర్బోతో 60,000 అడుగులు దాటింది.

హిమాలయాల ఎత్తులో

లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం మైదానంలోని దానిలో మూడింట రెండు వంతులు. ఖర్దుంగ్ లా కనుమ దగ్గర సుమారు సగం. చాలాకాలం అక్కడి బోర్డు మీద 18,380 అడుగులని ఉన్నా ఆధునిక కొలతల్లో తేలిన ఎత్తు 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగులకు కాస్త తక్కువ. సరిహద్దు రహదారుల సంస్థ ఉమ్‌లింగ్ లా మీదుగా వేసిన రోడ్డు 19,000 అడుగులు దాటుతుంది.

మైదానంలో రెండు బార్ల సంపూర్ణ పీడనం కావాలంటే టర్బో గాలిని రెండు రెట్లు నొక్కితే చాలు. ఖర్దుంగ్ లా మీద అదే రెండు బార్లకు నాలుగు రెట్లు నొక్కాలి. ఒంటరి టర్బోకు అది దాదాపు చివరి మెట్టు. రెండంచెల్లో ఒక్కోటి రెండు రెట్లు నొక్కితే సరిపోతుంది. మలుపు మలుపుకూ మొదటి గేరులో పాకుతూ ఎక్కే లారీకి ఇంజిన్ వేగం తక్కువ, కావలసిన పీడనం ఎక్కువ. చిన్న టర్బైన్ విలువ తెలిసేది అలాంటి చోటే.

అయితే పలుచని గాలిలో మరో ప్రమాదం పొంచి ఉంది. టర్బైన్ తర్వాతి పీడనం కూడా తగ్గిపోతుంది గనుక పొగ మరింత ఊపుగా వ్యాకోచించి చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పుతుంది. కంప్రెసర్‌కు నొక్కడానికి దొరికే గాలి తక్కువ కావడం వల్ల అదే పీడనం కోసం అది కూడా మరింత వేగంగా తిరగవలసి ఉంటుంది. ఈ రెండూ కలిసి టర్బోను వేగపు హద్దు దాటిస్తాయి. అందుకని ఇంజిన్ కంప్యూటర్ వాతావరణ పీడనాన్ని కొలిచి, అవసరమైతే రెక్కను ముందుగానే తెరిచి, ఇంధనాన్నీ కొంత కోస్తుంది. కొండ మీద కొత్త బండి కూడా మైదానంలోలా లాగకపోవడానికి ఇదొక కారణం. అది లోపం కాదు, రక్షణ.

పాత స్ప్రింగ్ డబ్బాల తీరు వేరు. అవి బయటి గాలితో పోల్చుకుని పనిచేస్తాయి. బయటి గాలి కంటే ఒక బార్ ఎక్కువైనప్పుడు తెరుచుకునేలా అమర్చిన డబ్బా మైదానంలో రెండు బార్ల సంపూర్ణ పీడనం వద్ద, ఖర్దుంగ్ లా మీద ఒకటిన్నర బార్ల వద్ద తెరుచుకుంటుంది. ఎత్తుతోపాటు అసలు బలం తగ్గుతుంది గానీ, డబ్బాకు ఆ సంగతి తెలియదు. ఎలక్ట్రిక్ నియంత్రణకు ఖర్చు పెట్టడం దండగ అనే వాదనకు హిమాలయ రహదారులు చక్కని సమాధానం.

నలుగురు హక్కుదారులు

బీఎస్-4 కాలంలో భారీ డీజిల్ వాహనానికి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ గంటకు 3.5 గ్రాములు. బీఎస్-6లో అది పరీక్షను బట్టి 0.40, 0.46 గ్రాములు. డీజిల్ కార్లకు కిలోమీటరుకు 0.25 గ్రాముల నుంచి 0.08కి తగ్గింది. 2023 ఏప్రిల్ నుంచి కార్లను ప్రయోగశాలలోనే గాక రోడ్డు మీద నడిపి కూడా కొలవాలన్న నియమం వచ్చింది. ఈ అంకెలే రెక్క పనిని పూర్తిగా మార్చేశాయి.

పొగ మీద మొదటి హక్కు టర్బైన్లది. రెండోది ఈజీఆర్‌ది: కొంత పొగను చల్లార్చి తిరిగి సిలిండర్లలోకి పంపితే మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. అలా పంపాలంటే పొగ గొట్టంలోని పీడనం గాలి గొట్టంలోని పీడనం కంటే ఎక్కువ ఉండాలి. బైపాస్ రెక్క మూసి ఉన్నంతసేపు చిన్న టర్బైన్ అడ్డుపడి ఆ పీడనాన్ని నిలుపుతుంది. తెరుచుకోగానే పీడనం జారిపోతుంది, ఈజీఆర్‌కు నెట్టే బలం తగ్గుతుంది. మూడో హక్కుదారు పిస్టన్. పొగను బయటికి నెట్టేది అదే గనుక, వెనుక ఒత్తిడి పెరిగిన కొద్దీ ఇంధనం వృథా అవుతుంది. ఈజీఆర్ అడిగేది పిస్టన్‌కు గిట్టదు.

నాలుగోది పొగగొట్టం కింద ఉండే శుద్ధి యంత్రాంగం. యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టే ఎస్‌సీఆర్ సుమారు 200 డిగ్రీల నుంచి గానీ పని మొదలుపెట్టదు. మసిని పట్టే డీపీఎఫ్ తనలో పేరుకున్నదాన్ని కాల్చుకోవాలంటే దాదాపు 600 డిగ్రీలు కావాలి. ఒక టర్బైనే పొగ వేడిని కొంత తీసుకుంటుంది; రెండు టర్బైన్లూ వాటి బరువైన లోహపు పెట్టెలూ మరింత తాగేస్తాయి. చలికాలపు ఉదయం ఢిల్లీలో కారు తీసి నాలుగు కిలోమీటర్ల దూరంలోని కార్యాలయానికి వెళ్లే వ్యక్తి విషయంలో శుద్ధి యంత్రాంగం వేడెక్కేలోపే ప్రయాణం ముగియవచ్చు. అందుకే చల్లని ఇంజిన్ మొదలైన తొలి నిమిషాల్లో కొన్ని ఇంజిన్లు బైపాస్‌నూ వేస్ట్‌గేట్‌నూ కావాలనే తెరిచి ఉంచి, పొగ వేడిని నేరుగా కిందికి పంపుతాయి. ఆ నిమిషాల్లో బండి కొంత మందంగా అనిపిస్తుంది. బూస్ట్‌ను వదులుకుని గాలి శుభ్రతను కొనుక్కున్న ధర అది.

నలుగురి కోరికలూ ఒకేసారి తీరవు. తక్కువ పొగ, మంచి లాగుడు, తక్కువ ఇంధనం అని ఒకే ఊపులో చెప్పే ప్రకటనలు ఈ సంగతి దాటవేస్తాయి. నిజానికి ప్రతి ఇంజిన్‌లోనూ ఏ పరిస్థితిలో ఎవరికి ముందు పెద్దపీట వేయాలో తయారీదారు తీసుకున్న నిర్ణయం ఆ పట్టికల్లో దాగి ఉంటుంది. రోడ్డు మీద కొలతలు తప్పనిసరి చేయడంలోని అంతరార్థం కూడా ఇదే: ప్రయోగశాల చక్రాల మీద ఒక రకంగా, వీధిలో మరో రకంగా ఆ పంపకం జరగకుండా చూడటం.

రెండు టర్బోలకు బదులు ఒకే టర్బైన్ చుట్టూ కదిలే రెక్కల వరుస పెట్టి దాని గొంతును అవసరాన్ని బట్టి ఇరుకు, వెడల్పు చేసే వేరియబుల్ జామెట్రీ పద్ధతి మన దేశపు డీజిల్ ఎస్‌యూవీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అది చవక, తేలిక. పీడనాల గుణకారం మాత్రం దానికి లేదు. మసికి ఆ సన్నని రెక్కలు ఇరుక్కోవడం దాని పాత జబ్బు.

ఓడల్లో, విద్యుత్ కేంద్రాల్లో

కార్లలో అంచెల పందెం 2016 నాటికి నాలుగు టర్బోల దాకా వెళ్లింది. బీఎండబ్ల్యూ మూడు లీటర్ల ఇంజిన్‌కు 400 హార్స్‌పవర్, 760 న్యూటన్ మీటర్లు సాధించింది గానీ 2020లో ఆ ఇంజిన్‌ను ఆపేసింది. గొట్టాలు, ద్వారాలు, సెన్సర్లు పెరిగినంతగా లాభం పెరగని చోటికి ఆ దారి చేరుకుంది. టర్బో ఇరుసు మీదే చిన్న విద్యుత్ మోటారు పెట్టి, పొగ రాకముందే చక్రాన్ని తిప్పే పద్ధతి ఇప్పుడు ఖరీదైన కార్లలోకి వస్తోంది.

పెద్ద ఇంజిన్లలో దిశ దీనికి ఎదురు. 2015లో వచ్చిన వార్ట్‌సిలా 31 నాలుగు స్ట్రోకుల డీజిల్ ఇంజిన్లలో అత్యంత సమర్థమైనదిగా గిన్నిస్ గుర్తింపు పొందింది. అందులో ఉన్నది రెండంచెల టర్బోయే. ఇలాంటి ఇంజిన్లలో మిల్లర్ పద్ధతి ప్రకారం గాలి లోనికొచ్చే వాల్వును ముందే మూసేస్తారు. సిలిండర్‌లో గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. అంత తక్కువ సమయంలో చాలినంత గాలి పట్టాలంటే పీడనం చాలా ఎక్కువ ఉండాలి. అందుకు రెండంచెలు తప్పనిసరి.

బంగ్లాదేశ్‌లో సహజవాయువుతోనూ ఫర్నెస్ ఆయిల్‌తోనూ నడిచే పిస్టన్ ఇంజిన్ల విద్యుత్ కేంద్రాలు చాలా ఉన్నాయి. వాయువుతో నడిచే పెద్ద ఇంజిన్లలో వేస్ట్‌గేట్ కేవలం టర్బోను కాపాడే ద్వారం కాదు. గాలికీ ఇంధనానికీ ఉన్న నిష్పత్తిని నిర్ణయించే ప్రధాన సాధనం. గాలి తగ్గితే వాయువు వేళ కాని వేళ పేలి ఇంజిన్ గొణుగుతుంది, దాన్నే నాకింగ్ అంటారు. గాలి మితిమీరితే సిలిండర్ అంటుకోక, మండని మీథేన్ బయటికి పోతుంది. ఈ రెంటి మధ్య సందు సన్ననిది. వేసవి మధ్యాహ్నపు వేడికి గాలి సాంద్రత తగ్గినప్పుడు, రాత్రి చల్లబడినప్పుడు, గ్రిడ్ అడిగే భారం మారినప్పుడు రెక్క మళ్లీ సర్దుకుంటూ ఉండాలి.

మెకానిక్ ముందున్న ప్రశ్న

రెండంచెల ఇంజిన్ మొరాయించినప్పుడు లక్షణాలే చాలావరకు దారి చూపుతాయి. తక్కువ వేగంలో లాగుడు లేక, నల్లపొగ వస్తూ, 2,500 చుట్లు దాటాక మాత్రం బండి బాగుంటే బైపాస్ రెక్క పూర్తిగా మూసుకోవడం లేదని అనుమానించాలి. మొదట చురుగ్గా ఉండి, వేగం పెరిగాక ఊపిరాడనట్టు బిగుసుకుని, హెచ్చరిక దీపం వెలిగి ఇంజిన్ లింప్ మోడ్‌లోకి వెళితే రెక్క తెరుచుకోవడం లేదు. అలాగే నడిపితే చిన్న టర్బో హద్దు మీరి తిరిగి చక్రమే పగలవచ్చు. మధ్య వేగంలో లోహం గిలకొట్టినట్టు శబ్దం వస్తే రెక్క ఇరుసు అరిగినట్టు.

ఇలాంటి ఫిర్యాదులకు మొత్తం టర్బోనే మార్చాలని చెప్పే వర్క్‌షాపులు తక్కువేమీ కాదు. రెండు టర్బోల జంట ధర ఒక్కదానికంటే ఎంతో ఎక్కువ గనుక ఆ సలహా యజమానికి భారమవుతుంది. పొగతో పనిచేసే చక్రాల కంటే వాటిని ఆడించే భాగాలే ముందుగా చెడటం తరచూ జరుగుతుంది: పగిలిన వాక్యూమ్ గొట్టం, బిగుసుకున్న యాక్చుయేటర్ కడ్డీ, తప్పు చెప్పే బూస్ట్ సెన్సర్, జారిన క్లిప్పు. స్కానర్‌తో రెక్కకు తెరుచుకొమ్మని ఆదేశం ఇచ్చి, కడ్డీ నిజంగా కదులుతోందో లేదో కంటితో చూడటం, వాక్యూమ్‌తో పనిచేసేదైతే చేతి పంపుతో గొట్టం పట్టు నిలుపుతోందో లేదో పరీక్షించడం పది నిమిషాల పని. టర్బో విప్పే ముందు ఆ పరీక్ష చేశారా అని యజమాని అడగవచ్చు. చేసి ఉంటే ఫలితం బిల్లు మీద రాసి ఇమ్మని కోరవచ్చు.